కొమ్మకు చుట్టుకున్న తోక

"ఇది ఎలుక అని పెట్టింది మీరేనా?"

కేంబ్రిడ్జ్ కాలేజీ లైబ్రరీలో అప్పుడే టిఫిన్ బాక్సు మూత తీసిన వికాస్ తలెత్తి చూశాడు. అతని జాకెట్ మీద మంచు ఇంకా కరగలేదు. లాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఎలుకే కద మేడమ్. మా వేర్‌హౌస్‌ల రోజూ చూస్త."

"ఇది కొండ పిగ్మీ పోసమ్! ఆస్ట్రేలియా మంచు కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. కంగారూకి ఉన్నట్టే దీనికీ పొట్ట దగ్గర సంచి ఉంటుంది. ఈ తల్లి అందులో పిల్లల్ని మోస్తోంది. మీరేమో ఎలుక అంటారా?"

"సంచిల పిల్లలున్నరని నాకెట్ల తెలుస్తది? బయట బోర్డు పెట్టలే కద."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం వికాస్ చూశాడు. ఆ రోజునుంచి అతనికి కుదురు లేకుండా పోయింది.

ఆమె పేరు దేవిశ్రీ. రాజమండ్రి. అతనిది సిద్దిపేట. ఇద్దరిదీ ఒకే కోర్సు. ఆస్ట్రేలియా కొండల్లో రాళ్ళ మధ్య పెట్టిన కెమెరాల ఫొటోలు వీళ్ళ కాలేజీకి వస్తాయి. ప్రతి ఫొటోనూ ఇద్దరు విడివిడిగా చూసి అందులో ఏముందో చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తే స్క్రీన్ మీద పచ్చగీత వస్తుంది. కలవకపోతే ఎర్రగీత వచ్చి, ఆ ఫొటో అక్కడి నిపుణురాలి దగ్గరికి వెళుతుంది.

ఎలుక గొడవ విన్న లెక్చరర్, వాళ్ళిద్దరినీ జంటగా వేశాడు.

శనివారాలు దేవిశ్రీ అద్దెకుండే ఇంట్లో, ఇంటి ఓనర్ చంద్రకళ ఆంటీ డైనింగ్ టేబుల్ దగ్గర చెరో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

"తోక చూడు," అని నేర్పింది దేవిశ్రీ. "ఎలుక తోక ఊరికే ఈడ్చుకుపోతుంది. దీనిది కొమ్మకి చుట్టుకుంటుంది, చంటిపిల్ల మన వేలు పట్టుకున్నట్టు."

వికాస్ తోకలు చూశాడు. తోకలకంటే ఎక్కువగా ఆమెను చూశాడు. జుట్టు చెవి వెనక్కి తోసుకుంటే పోసమ్. పెదవి కొరుక్కుంటే ఎలుక. నిట్టూరిస్తే ఫొటో ఖాళీ. ఇంక ఫొటో చూడాల్సిన పనేముంది?

అన్నీ పచ్చగీతలే.

"జాతకాలు కూడా ఇంత బాగా కలవవే అమ్మాయ్!" అంది ఆంటీ, టీ కప్పులు పెడుతూ. దేవిశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు తలుచుకుంటూ వికాస్ తన బస్టాప్ దాటి వెళ్ళిపోయాడు.

మార్చిలో ఆస్ట్రేలియా నుంచి మెయిల్ వచ్చింది. తూర్పు గుట్ట కార్చిచ్చులో కాలిపోయినప్పటినుంచి అక్కడ పోసమ్ ఒక్కటీ కనిపించలేదు. ఈసారి ఫొటోల్లో కూడా లేకపోతే, అక్కడ పోసమ్‌లను తినే అడవిపిల్లుల్ని పట్టే మనుషుల్ని వేరే కొండకు పంపేస్తారు. ఆ తర్వాత గుట్ట పిల్లులదే.

"ఒక్కటైనా ఉంటుందనుకున్నా," అంది దేవిశ్రీ. "నాకేం కనపడలేదు. నీకూ లేదు. లేదని రాసేస్తున్నా."

వికాస్ లేచాడు. కిచెన్ దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు. మళ్ళీ నడిచాడు.

"కూర్చో వికాస్. తల తిరుగుతోంది."

ఆ గుట్ట ఫొటో ఒకటి అతని కళ్ళముందునుంచి కదలడం లేదు. రాళ్ళ సందులో ఎండుపుల్ల, దానికి చుట్టుకుని సన్నగా ఏదో. అప్పుడు దేవిశ్రీ తన పార్ట్‌టైమ్ షిఫ్ట్ నుంచి అలిసిపోయి వచ్చింది. నిట్టూర్చింది. అతను ఖాళీ అని నొక్కేశాడు. ఇప్పుడు చెప్తే ఆమె ఇంకెప్పుడూ తనను నమ్మదు. చెప్పకపోతే గుట్ట పోతుంది.

అతను కిటికీ వైపు తిరిగాడు.

"దేవీ, రాయకు. ఒక దాంట్ల నాకు తోక కనిపించింది."

"మరి ఖాళీ అన్నావు?"

"నువ్వు నిట్టూర్చినవ్. నిన్ను చూసి నొక్కిన. చానా దినాలసంది నిన్ను చూసే నొక్కుతున్న."

వెనక కుర్చీ కిర్రుమంది.

"అంటే మనకి కలిసినవన్నీ అబద్ధమేనా?"

"కొన్ని నిజంగనే కలిసినయ్. ఏవంటే చెప్పలేను."

"నాతో అవుననడానికి రెండో మనిషెందుకు వికాస్? నేను చూడనిది చూస్తావనే కదా నువ్వు!"

"ఎర్రగీతొస్తే నీ మొహం చిన్నబోతదని భయపడ్డ. నువ్వంటే ఇష్టం. ఇదొక్కటి మాత్రం నీ మొహం చూసి చెప్తలేను. చూస్కో, అటే తిరిగున్న."

దేవిశ్రీ ఆ ఫొటో తీసి లాప్‌టాప్ అతనివైపు తోసింది. అతను జవాబు మార్చాడు. జంటగా వేశాక మొదటిసారి వాళ్ళిద్దరి మధ్యా ఎర్రగీత పడింది.

తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. క్లాసులో ముందు వరుసకు మారింది. వేర్‌హౌస్‌లో వికాస్ ఒక ట్రక్కు సరుకు ఇంకో ట్రక్కులో వేసి సూపర్‌వైజర్ చేత తిట్లు తిన్నాడు. అన్నం వండుకుని కూర మరిచిపోయాడు.

మంచు కరిగి వాన పడుతున్న ఒక శనివారం మెసేజ్ వచ్చింది. "రా."

గొడుగు సంగతే మరిచి పరిగెత్తాడు. తలుపు తీసిన దేవిశ్రీ, నీళ్ళు కారుతున్న అతని మొహానికి ఎదురుగా ఫోన్ పెట్టింది. అది పోసమేనని నిపుణురాలి జవాబు. గుట్టను వదలడం లేదు.

"ఉంది వికాస్! అంత మంటలో ఎలాగో మిగిలింది."

ఆంటీ ఏమీ అడక్కుండా తువ్వాలు తెచ్చి అతని భుజమ్మీద వేసి వెళ్ళింది. ఆ తువ్వాలు వెచ్చగా ఉంది.

"లెక్చరర్‌కి అంతా చెప్పేశాను. అన్ని ఫొటోలూ మొదటినుంచి మళ్ళీ చూడాలి," అంది దేవిశ్రీ.

"అన్నీనా?"

"అన్నీ. ఎండాకాలం అయిపోయేదాకా ప్రతి శనివారం. శిక్ష."

"మరి నేను అటు తిరిగి చెప్పినదానికి జవాబు?"

"ముందు కూర్చో. కుర్చీలో కాదు."

కుర్చీలు పక్కకు జరిపి ఆమె కార్పెట్ మీద కూర్చుంది, అటు తిరిగి. అతను ఇటు తిరిగి కూర్చున్నాడు. చెరో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆమె వెనక్కి జరిగి తన వీపు అతని వీపుకు ఆనించింది.

"ఇప్పుడు నా మొహం చూడలేవుగా. చెప్పు, మొదటి ఫొటోలో ఏముంది?"

"ఎలుక."

"కాదు. పోసమ్."

ఎర్రగీత.

ఆమె నవ్వింది. ఆ నవ్వు అతని వీపుకు తెలిసింది. ఎన్ని నెలలుగానో ఒకచోట నిలవని వికాస్, ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందోనని కదలకుండా కూర్చున్నాడు.