రెండో లారీకి తెరుచుకోని గేటు

2009 మే నెలలో, బెంజ్ సర్కిల్ దగ్గర, పట్టపగలు ఏజెంట్ ఎలీషాను కాల్చి చంపారు. మర్నాడు చీఫ్ సంజీవరావు అతని కళ్లద్దాలు బల్లమీద పెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"విదేశీ ముఠా. టార్గెట్, కొండపల్లి క్లోరిన్ డిపో. రేపు వెళ్లే రెండో లారీలో బాంబు. గాలి ఇటు తిరిగితే బెజవాడ మిగలదు."

"ఎలీషాను పట్టిచ్చిందెవరు సార్?" ఏజెంట్ అష్ఫాక్ అడిగాడు.

"దీవెన. డిపో ప్రోగ్రామర్. మనకూ పనిచేస్తోంది, వాళ్లకూ పనిచేస్తోంది."

అష్ఫాక్ బల్లమీది కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. శిక్షణ రోజుల్లో అతనూ ఎలీషా ఒకే క్యారేజీలో తిన్నారు.

"కోపం తర్వాతయ్యా. ముందు గేటు."

లారీ వచ్చినప్పుడల్లా డిపో ఏఎస్/400 కంప్యూటర్లో గేటు ప్రోగ్రాం సబ్‌ప్రొసీజర్ అనే చిన్న ఉపప్రోగ్రాంను పిలుస్తుంది. అది ఆ రోజు లారీల ఫైల్లోంచి తర్వాతి రికార్డు చదువుతుంది. లారీ నంబరు దానితో కలిస్తేనే గేటు తెరుచుకుంటుంది. ముఠా తన లారీని రెండో రికార్డుగా దూర్చింది.

"ఆ రికార్డు చెరిపేస్తే సార్?"

"ఆవిడ ఫైలు మీదే కన్నేసి ఉంచింది. తెలిస్తే లారీని ఊళ్లోనే పేల్చేస్తారు. అది గేటు ముందు ఆగాలి. కమాండోలు అక్కడుంటారు."

తెల్లారేసరికి అష్ఫాక్ ఏసీ మెకానిక్ వేషంలో కంప్యూటర్ గదిలో ఉన్నాడు. ఎలీషా సంపాదించి పంపిన పాస్‌వర్డ్ కొట్టాడు. సబ్‌ప్రొసీజర్ లోపల ఫైలు పక్కన స్టాటిక్ అనే మాట ఉంది. ఫైలు మూతపడకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని తీసేసి కంపైల్ చేశాడు. ఇక పిలిచిన ప్రతిసారీ ఫైలు కొత్తగా తెరుచుకుంటుంది, మొదటి రికార్డే చదువుతుంది.

గేటు ప్రోగ్రాం మొదలైంది.

"మెకానిక్ గారూ, ఏసీకి కీబోర్డు కూడా ఉంటుందాండీ?"

నెమలికంఠం రంగు పట్టుచీరలో దీవెన. చేతిలో పిస్తోలు. ఫైలు తెరిచి చూసుకుంది. రికార్డులన్నీ పదిలంగా ఉన్నాయి. నవ్వింది.

"ఎలీషా కూడా చివర్లో ఇలాగే తెల్లమొహం వేశాడు."

అష్ఫాక్ చేతిలోని స్క్రూడ్రైవర్‌ను గట్టిగా పట్టుకున్నాడు.

కిటికీ అవతల మొదటి లారీ లోపలికి వెళ్లింది. రెండోది వచ్చింది. గేటు కదల్లేదు. హారన్ మోగుతూనే ఉంది.

"రెండోది చదవదేం?" ఆమె తెరవైపు తిరిగింది. స్క్రూడ్రైవర్ దెబ్బకి పిస్తోలు ఎగిరిపడింది. ఆ స్క్రూడ్రైవర్ పిడిలోని వైర్‌లెస్‌లో కమాండో గొంతు గరగరలాడింది.

"డ్రైవర్ దొరికాడు. ఆఖరి సెకన్లో బాంబు వైరు కోశాం సార్."

అష్ఫాక్ ఆమెను కొట్టడానికి చెయ్యెత్తాడు. పైజేబులోని ఎలీషా కళ్లద్దాలు చేతికి తగిలాయి. చెయ్యి దించి, ఆమెకు వేసిన బేడీలు ఒక పన్ను ఎక్కువే బిగించాడు.

"మీ ఏసీ బాగానే ఉంది మేడమ్. కాసేపు నిలబడి చల్లబడండి. మీరు వెళ్లే గదిలో ఫ్యాను కూడా ఉండదు."