నూట పది డిగ్రీలు

నాచారం పారిశ్రామికవాడలో టీకొట్టు ముందు చిదంబరం కుప్పకూలాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతను ట్రాన్స్‌ఫార్మర్ల టెస్టింగ్ ఇంజినీరు. చనిపోయే ముందే నిఘా విభాగానికి ఫోన్ చేశాడు.

ఆ రికార్డింగ్‌ను చీఫ్ హైమావతి పరుగెత్తే వ్యానులో ఏజెంట్ హరితకు వినిపించింది.

"ఈ ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ లేకుండానే, ఉండాల్సినదానికంటే ఎక్కువ కరెంట్ తింటోంది మేడమ్. లోపల ఇంకేదో పెట్టారు."

"అర్థమైందా?" అంది హైమావతి.

"ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొంత తింటుంది. ఒక కాయిల్లో పారే ఏసీ కరెంట్ ఇనుప కోర్‌ను సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ తిప్పి అయస్కాంతం చేస్తుంది. ఆ మార్పు రెండో కాయిల్లో కరెంట్ పుట్టిస్తుంది. ఈ తిప్పుడుకే కోర్ వేడెక్కి కొంత శక్తి వృథా. ఎంతన్నది డిజైన్‌లోనే తెలుస్తుంది. మించిందంటే లోపల ఎవరో దొంగ ఉన్నట్టే."

"దొంగ కాదు, బాంబు. కాయిళ్ల వేడి నూట పది డిగ్రీలు దాటగానే పేలుతుంది. విదేశీ ముఠాలోని మన ఇన్‌ఫార్మర్ ఇప్పుడే చెప్పాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను పొద్దున ఉప్పల్ సబ్‌స్టేషన్‌లో లైన్‌కు కలిపి నడపడం మొదలుపెట్టారు. గోడకు అవతల రక్షణ ల్యాబ్. మంటల గందరగోళంలో క్షిపణి చిప్ ఎత్తుకుపోతారు. సబ్‌స్టేషన్‌లో ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. మన మనిషి లోపలే ఉంది. కోడ్: కాప్రాలో వాన పడిందా?"

"జవాబు?"

"లాలాపేట్ వరకే."

మీటర్ల ఇన్‌స్పెక్టర్ వేషంలో హరిత కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టింది. ఆపరేటర్ హన్మయ్య మొహం చిట్లించాడు.

"ఎవరమ్మా నువ్వు? ఆర్డర్ లేకుండ లోపల్కి ఎట్లొచ్చినవ్?"

అతని పక్కన కంపెనీ ఇంజినీరు బ్యాడ్జితో, సినిమా తారలా మెరిసిపోతూ ఒకామె నిలబడి ఉంది. ఆమని. ట్రైనింగ్‌లో హరిత రూమ్మేట్.

"కాప్రాలో వాన పడిందా?"

"లాలాపేట్ వరకే." ఆమని నవ్వి పిస్టల్ తీసింది. "మీ వాళ్ల జీతం చాలక అవతలివాళ్ల దగ్గర కూడా చేరాను. ఇక్కడి ఫోన్ వైరూ, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపే మెయిన్ బ్రేకర్ ట్రిప్ వైరూ తెంపాను. దాన్ని చల్లబరిచే ఫ్యాన్లూ తిరగవు. మీరిద్దరూ ఇక్కడే ఉండండి, తలుపుకి తాళం వేసి వెళ్తాను."

ప్యానెల్ మీది ఉష్ణోగ్రత ముల్లు నూట నాలుగు చూపిస్తోంది. ఈమెతో ఒకే కంచంలో తిన్నానా అనుకుంది హరిత.

గోడకున్న అగ్నిమాపక సిలిండర్ లాగి ఆమని కళ్లలోకి వదిలింది. తూటా సీలింగ్‌కు తగిలింది. మరుక్షణం ఆమని నేల మీద బోర్లా పడి ఉంది, చేతులు వెనక్కి విరిచి, హరిత మోకాలు వీపు మీద.

"హన్మయ్యా, ఒక్కో ఊరికి వెళ్లే ఫీడర్ బ్రేకర్లు వేరుగా పనిచేస్తాయి కదా? ఒక్కొక్కటీ ఆపెయ్."

హన్మయ్య పీర్జాదిగూడ లైన్ ఆపాడు. తర్వాత రామంతాపూర్. ముల్లు నూట ఎనిమిది.

"దవాఖానా లైన్ గూడ తియ్యాల్నా మేడమ్? ఆపరేషన్లు నడుస్తుంటయ్."

హరిత ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "అది ఉండనీ."

"పిచ్చిదానా," అంది ఆమని పళ్లు కొరుకుతూ. "సగం లోడ్ ఉంచావు. సగం వేడి చాలు నాకు."

"కరెంట్ సగమైతే రాగి తీగల్లో వేడి సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఆ క్లాసులో నువ్వు అద్దం చూసుకుంటున్నావు."

ముల్లు నూట తొమ్మిది దాటింది. వణికింది. అక్కడే ఆగింది. హన్మయ్య చూస్తుండగా వెనక్కి జారడం మొదలైంది.

ఆస్పత్రిని వేరే లైన్‌కి మార్చి బాంబు స్క్వాడ్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మూత తెరిచేసరికి సాయంత్రమైంది. ల్యాబ్ గేటు దగ్గర ఫైరింజన్‌లో కాచుకున్న నకిలీ సిబ్బంది దొరికిపోయారు. చిదంబరం భార్యకు కబురు తానే చెబుతానంది హరిత.

హన్మయ్య చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది.

"కరెంట్ ఎందుకు పోయిందని పీర్జాదిగూడోళ్లు తిడుతున్నరు మేడమ్. ఏం జెప్పాలె?"

"మెయింటెనెన్స్ అని చెప్పు. ఎప్పట్లాగే నమ్మరు."