వెయ్యిన్నొకటోసారి

విదేశీ ముఠాను పట్టివ్వాల్సిన సాక్షి ఉదయం పదకొండుకల్లా ఆస్పత్రిలో చచ్చిపోయాడు. తుపాకీ లేదు, కత్తి లేదు. మంచం పక్కనున్న మందు పంపు గంటకు రెండు మిల్లీలీటర్లు ఎక్కించాల్సింది, నిమిషంలో సీసా మొత్తం ఎక్కించేసింది. అంతే.

ఫోన్‌లో బాస్ గొంతు వణకను కూడా వణకలేదు. అది విని ఆకురాయికి ఒళ్లు మండింది. ఆకురాయి ఆమె కోడ్ నేమ్. ఎవరికి తగిలినా గీరుకుపోతుందని డిపార్ట్‌మెంటు వాళ్లే పెట్టారు.

"ఇది శాంపిల్" అన్నాడు బాస్. "పన్నెండింటికి ఆ విదేశీ ముఠా అన్ని ఆస్పత్రుల పంపులకూ ఇదే పంపుతుంది. పేషెంటు రికార్డులో ఒక్క తప్పుడు అంకె. మైనస్ ఒకటి."

"పంపులు ఆపేయండి!"

"ఆపితే మందు అందక పోయేవాళ్లున్నారు. పంపులోని ప్రోగ్రామును నడిపే రన్‌టైమ్‌లోనే కన్నం ఉంది. దాన్ని తయారుచేసే ఆఫీసుకెళ్లు. కన్నం పూడ్చి కొత్త రిలీజ్ వదిలితే పంపులు వాటంతటవే తీసుకుంటాయి. లోపల మన మనిషి ఉంది. మెరుపు."

"నా తమ్ముడు మూడో వార్డులో ఆ రకం పంపు మీదే ఉన్నాడు బాస్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

పదకొండుంబావుకు ఏసీ మెకానిక్ వేషంలో ఆకురాయి గేటు దగ్గర నిలబడింది. రెండు వరసలు. ఆమె వరసలో గార్డు పెట్టె మొత్తం కింద పోయించాడు. ఏసీలో నింపే గ్యాస్ డబ్బాను మూడుసార్లు తిప్పి చూశాడు. పక్క వరసలో బంగారు రంగు కార్డున్నవాళ్లు అలా చూపించి ఇలా వెళ్లిపోతున్నారు. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, భుజాన సంచీతో ఒకామె మడమలు టకటకలాడిస్తూ వెళ్లింది. గార్డు సలాం కొట్టాడు.

మూడో అంతస్తు వరండాలో ఆ ఎర్ర స్కార్ఫే ఎదురొచ్చింది.

"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయా?" ఆకురాయి అడిగింది.

"లేదు, దానికి చెమటలు పోస్తున్నాయి." కోడ్ సరిపోయింది. మెరుపు నవ్వింది. "పదేళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఏ కన్నమూ లేదు. ఇంటికెళ్లి పడుకో."

ఆకురాయి ఆమెను దాటుకుని నేరుగా పెద్దాయన గదిలోకి దూరింది. రన్‌టైమ్ ఆయన చేతిలో పుట్టింది. గోడ మీద గాజు షీల్డు: అత్యంత వేగానికి ప్రథమ బహుమతి.

సంగతి విని ఆయన కళ్లెర్రజేశాడు. "అక్షరాలు పేర్చే నా స్ట్రింగ్ మెథడ్లలో తప్పా? నాలుగువేల టెస్టులమ్మా! అన్నీ పాసై పచ్చగా ఉన్నాయి, చూసుకో."

"ఒక అక్షరాన్ని మైనస్ ఒకటిసార్లు రాయమనండి."

ఆయన టైపు చేశాడు. 'చెల్లదు' అంది రన్‌టైమ్.

"సరిపోయిందా?"

"మీ టెస్టు ఆ మెథడ్‌ను ఎన్నిసార్లు పిలుస్తుంది?"

"ఒక్కసారి. ఎన్నిసార్లేంటి?"

"పంపు రోజంతా పిలుస్తుంది పెద్దాయనా!"

ఆకురాయి స్క్రూడ్రైవర్ పిడి తిప్పింది. లోపలినుంచి పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది. సాక్షి పంపులో దొరికిన లెక్క చూసి డిపార్ట్‌మెంటు రాసిచ్చిన ప్రోగ్రాము అందులో ఉంది. అది మంచి అంకెతో వెయ్యిసార్లు పిలిచి, వెయ్యిన్నొకటోసారి మైనస్ ఒకటి ఇచ్చింది. ఈసారి 'చెల్లదు' రాలేదు. మెమరీలో పక్కనే దాచిన రెండు అనే మోతాదు అంకె చడీచప్పుడు లేకుండా తొమ్మిదివేలయింది.

పెద్దాయన మొహం పాలిపోయింది. "వెయ్యి పిలుపులు దాటితే వేగం దారికి మారుస్తాం. అక్కడా అంకెను సరిచూసే చెక్ ఉండేది... నేనే తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

ఆయన గుమ్మంవైపు చూశాడు. మెరుపు నిలబడి ఉంది. "ఈ అమ్మాయే. 'గురువుగారూ, వెయ్యిసార్లు మంచిగా వచ్చినవాణ్ణి మళ్లీ ఆపి అడగడం దండగ కదా' అంది. ఆ చెక్ తీసి పెంచిన వేగానికే నాకు షీల్డు వచ్చింది."

ఆకురాయికి అప్పుడు వెలిగింది. తమవాళ్లు చేసిందీ ఇదే. పదేళ్లు కోడ్ సరిగ్గా చెప్పిందని ఈమెను ఎవడూ మళ్లీ పరీక్షించలేదు. దద్దమ్మలు!

మెరుపు సంచీలోంచి పిస్తోలు తీసింది. "ఈ సంచీని పదేళ్లలో ఒక్కరూ తెరిపించలేదు. మీ బాసుతో సహా. పన్నెండు దాకా కదలకండి."

కదలకుండా ఉంటే ఆమె ఆకురాయి ఎందుకవుతుంది? గార్డు మూడుసార్లు చూసి వదిలిన గ్యాస్ డబ్బా మూత ఊడదీసి మెరుపు చేతి మీదికి వదిలింది. ఆ చల్లటి గ్యాస్‌కి వేళ్లు కొయ్యబారాయి. పిస్తోలు నేల మీద పడింది. ఎర్ర స్కార్ఫుతోనే చేతులు కట్టేసింది.

పదకొండూ యాభై నాలుగు.

పెద్దాయన రెండు వరసలు రాశాడు. సున్నాకు తగ్గితే ఆపు. హద్దు మించితే ఆపు. వెయ్యిన్నొకటోసారి 'చెల్లదు' వచ్చింది. రిలీజ్ నొక్కాడు. తెర ఎర్రబడింది: పాతదానికంటే మూడు నానోసెకన్లు నెమ్మది. తిరస్కరించడమైనది.

"దీన్ని తోసిపుచ్చి పంపే అధికారం నాకొక్కడికే ఉంది" అన్నాడాయన. వేలు మాత్రం గాల్లోనే ఆగింది. "ఈ వేగం కోసం జీవితం ధారపోశానమ్మా..."

"మూడో వార్డులో నా తమ్ముడున్నాడు!" ఆకురాయి బల్ల మీద గుద్దింది. "వాడి ఊపిరి పణంపెట్టి మిగిల్చిన ఆ మూడు నానోసెకన్లతో ఏం చేశారు, చెప్పండి! కునుకు తీశారా? టీ తాగారా?"

పెద్దాయన లేచి షీల్డును గోడవైపు తిప్పి వచ్చి, నొక్కాడు.

పదకొండూ యాభై తొమ్మిదిన్నరకు చివరి పంపు కొత్త రిలీజ్ అందుకుంది. పన్నెండయింది. ఆకురాయి ఫోన్ మోగింది.

"అక్కా, ఈ పంపు 'చెల్లదు, చెల్లదు' అని ఒకటే గోల! మందు మామూలుగానే ఎక్కుతోందంటోంది నర్సు. దీని నోరు మూయించవే, నిద్రపట్టట్లేదు."

"అరవనీరా" అంది ఆకురాయి. "ఎంత అరుస్తుందో అరవనీ."

సాయంత్రం బాస్ భుజాన సంచీతో, నవ్వుతూ డిపార్ట్‌మెంటుకి వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆకురాయి కూర్చుని ఉంది.

"శభాష్! లే, లోపల మాట్లాడుకుందాం."

"సంచీ తెరవండి."

"నేనేనమ్మా! రోజూ చూసే మొహమేగా!"

"అందుకే బాస్. తెరవండి."