శుక్రవారం సాక్ష్యం

ఆ శుక్రవారం పొద్దున జ్ఞానాంబ వేసిన కేకకు మస్కట్‌లోని దార్సైట్ మేడల మీది పావురాలన్నీ ఎగిరిపోయి పక్కపేట రూవిలో వాలాయి. నమ్మకపోతే ఆమె మొగుడు యెహెజ్కేలుని అడగండి. ఆయన చెవుల్లో అది ఇప్పటికీ మోగుతూనే ఉంది.

ఆ కేక ఎందుకంటే, కూతురు ఫేబా ఇడ్లీ తుంచుకుంటూ చల్లగా ఒక మాట అంది.

"మమ్మీ, నేను నర్సింగ్‌కి గుంటూరు వెళ్లను. ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరాను. ఆదివారం నుంచే క్లాసులు."

జ్ఞానాంబ ఇరవై ఏళ్లుగా మస్కట్‌లో నర్సు. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి చర్చిలో ఆరాధన శుక్రవారమే. పోయిన శుక్రవారమే ఆరాధనలో మైకు పుచ్చుకుని, మా అమ్మాయికి నర్సింగ్ సీటిచ్చిన దేవునికి స్తోత్రమంటూ సాక్ష్యం చెప్పేసింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇవాళ పాస్టరుగారు ఫేబాకి ప్రయాణ ప్రార్థన చెయ్యాలి.

"ఇప్పుడు వాళ్లకి నా మొహం ఎలా చూపించమంటావే?"

"నన్ను అడక్కుండా సాక్ష్యం చెప్పమని ఎవరన్నారు?"

"అడగాలా? కన్నదాన్ని!"

"సూది చూస్తేనే నాకు చేతులు చల్లబడిపోతాయి మమ్మీ. లెక్క సరిగ్గా తేలితే మాత్రం కడుపు నిండినట్టుంటుంది. చదివి ఇక్కడే ఉద్యోగం తెచ్చుకుంటాను."

"రోజంతా కుర్చీలో కూచుని అంకెలు వేసుకోవడమూ ఒక ఉద్యోగమేనా? ఏమండీ, దీనికి మీరైనా చెప్పరేం!"

"నా టీ చల్లారిపోయింది జ్ఞానం," అన్నాడు యెహెజ్కేలు. మరుక్షణం గరిటె గాల్లో ఎగిరింది. ఆయన తల వంచకపోతే ఈ కథలో ఒక మనిషి తగ్గేవాడు.

ఫేబా లేచి నిలబడింది. "మీ నాన్నని ఎప్పుడూ ఎందుకు తిడుతుంటావు మమ్మీ నువ్వు? కుట్టుపని నేర్చుకుంటానని నువ్వు మొత్తుకుంటుంటే, సంఘంలో లేచి 'నా బిడ్డని నర్సుగా సమర్పిస్తున్నా' అనేశాడని కదా? ఒళ్లు నొప్పులొచ్చినప్పుడల్లా అదే పాట! నువ్వు చేసిందేంటి మరి?"

జ్ఞానాంబ నేల మీది గరిటె తీసి సింకులో పడేసి, చర్చికి చీర మార్చుకోడానికి గదిలోకి వెళ్లి దభాలున తలుపేసుకుంది. ఆ చప్పుడుకి ఫ్రిజ్ కూడా భయపడి ఆగిపోయింది.

ముగ్గురూ కారులో రూవిలోని చర్చికి బయల్దేరారు. జ్ఞానాంబ కిటికీ వైపే చూస్తూ పమిటతో ముక్కు తుడుచుకుంది. తాను పదిహేడేళ్ల పిల్లగా, సంఘం చప్పట్ల మధ్య తల వంచుకుని నిలబడ్డ రోజు కళ్లముందు మెదిలింది. ఆ రోజు ఎవరూ తనని ఒక్క మాట అడగలేదు.

ఆరాధనలో పాస్టరుగారు పిలిచారు. "సిస్టర్ జ్ఞానాంబ, అమ్మాయిని తీసుకుని ముందుకి రండమ్మా."

తల్లీ కూతుళ్లిద్దరూ ముందుకొచ్చారు. జ్ఞానాంబ మైకు అందుకుంది. కోపం ఇంకా గొంతులోనే ఉంది.

"పోయిన వారం నేను చెప్పింది నా ఆశ. నా కూతురి సాక్ష్యం కాదు." మైకు ఫేబా చేతిలో పెట్టి, చెవిలో గట్టిగానే అంది. "చెప్పు. ఏం చదువుతావో నువ్వే చెప్పు. గరిటె సంగతి ఇంటికెళ్లాక చూద్దాం."

ఆ మాట మైకులోంచి వెనక బెంచీ దాకా వినబడింది. సంఘమంతా నవ్వింది. ఫేబా మాత్రం ఏడుస్తూ తల్లి భుజం మీద వాలిపోయింది.