రేపటి తేదీ వేసిన సీసా

"తేదీ లేని సీసా నాకొద్దండీ. ఇది ఎప్పుడు కలిపిందో నాకెలా తెలుస్తుంది?"

తారీఖు మేడమ్ నాతో అన్న మొదటి మాట ఇదే. బయట ఒకటే వాన. నీళ్ళు కారుతున్న గొడుగును నా కౌంటర్ మీదే పెట్టి, రిజిస్టరంతా తడిపి, పైగా నామీదే కోపం! నేను కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్టోర్స్ అసిస్టెంట్‌ని. ఎవరికి ఏ సొల్యూషన్ కావాలన్నా కలిపి ఇవ్వడం నా పని. ఆమె రీసెర్చ్ స్కాలర్. తారీఖు మేడమ్ అన్న పేరు నేను పెట్టిందే, మనసులో.

"ఉప్పునీళ్ళకి కూడా తేదీ వెయ్యాలా మేడమ్?"

"ఉప్పునీళ్ళకి అక్కర్లేదు, విటమిన్ సి కి కావాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. పొద్దున్నే ఏడింటికి ఇవ్వగలరా?"

"ఓ, తప్పకుండా!" అన్నాను. అప్పటిదాకా ఎనిమిదికి ముందు నిద్ర లేచిన పాపాన పోలేదు.

ఆమె చేసేది రాగి నానో కణాలు. మైలుతుత్తం నీళ్ళలోంచి కంటికి ఆనని రాగి నలుసులు తియ్యాలి. మామూలుగా దానికి హైడ్రజీన్ అనే విషం వాడతారు. "అలాంటి విషాలు పీల్చి పీల్చి మా అక్క మంచాన పడింది. రోజూ మింగే విటమిన్‌తో అయ్యే పనికి విషమెందుకండీ?" అంది ఒకరోజు.

మొదటిసారి వేడిచేసినప్పుడు నీలం రంగు ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. "రాగి వచ్చేసింది, చూడండి!" అని నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆ చొక్కా వారం రోజులు ఉతకలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ నెలలోనే అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అమ్మకు ఒళ్ళు తుడిచి, తినిపించి, బయటపడేసరికి తొమ్మిదయ్యేది. ఆ సంగతి చెబితే మేడమ్ ఆ పని ఇంకెవరికైనా అప్పగిస్తుంది. ఖాళీ సీసా తిరిగిచ్చేటప్పుడు నాతో మాట్లాడే నాలుగు మాటలూ పోతాయి. అందుకని ముందురోజు సాయంత్రమే కలిపి, మర్నాటి తేదీ వేసి, ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళేవాణ్ణి. అడిగితే, ఆరింటికే కలిపి ఇంటికెళ్ళొచ్చానని చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత రాగి రాలేదు. రంగు ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయేది. ఆమె నీళ్ళు మార్చింది, ఫ్లాస్కులు మార్చింది, వేడి తగ్గించి పెంచి చూసింది. మూడు నెలలు గడిచాయి.

"మొదటి రిజల్ట్ నిజంగా వచ్చిందా, లేక ఊరికే రాసేశావా అని అడిగారండీ ప్రొఫెసర్ గారు," అంది మెట్ల మీద కూర్చుని. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "శుక్రవారంలోగా మూడుసార్లు వరసగా రావాలట. లేకపోతే నా సీటు రద్దు. నా చేతిలోనే ఏదో దరిద్రం ఉంది."

నా రుమాలు ఇచ్చాను.

బుధవారం పొద్దున అమ్మ గ్లాసు విసురుగా పక్కన పెట్టింది. "నిన్న పిండిన నిమ్మరసం ఇస్తావేంట్రా? చేదెక్కి చచ్చింది. అప్పటికప్పుడు పిండాలని ఆ మాత్రం తెలీదూ?"

నిమ్మరసంలో ఉండేదీ విటమిన్ సి యే. రాత్రంతా గాలి తగిలి సీసాలో విటమిన్ చచ్చిపోతుంటే, పైన రేపటి తేదీ రాసింది నేనే కదా! అమ్మకు అంతా చెప్పాను.

"వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పు."

"చెబితే నా మొహం చూడదమ్మా."

"చెప్పకపోతే ఆ పిల్లని నువ్వు ఏ మొహం పెట్టుకుని చూస్తావు?"

చెప్పాను. అమ్మ సంగతితో సహా అంతా మేడమ్ నిలబడే విన్నది.

"మూడు నెలలు," అంది. "ఎందుకిలా చేశారు?"

"ఆ సీసా తప్ప మీతో మాట్లాడ్డానికి నాకేముంది మేడమ్? మీరంటే ఇష్టం."

"ఇష్టమైనవాళ్ళని ఇలాగే చంపుతారా?" అనేసి వెళ్ళిపోయింది.

నేనే ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి ఒప్పుకున్నాను. నెల రోజులు సస్పెన్షన్. శుక్రవారం మధ్యాహ్నం గాజుసామాను కడిగే ఆవిడ ఫోన్ చేసింది. "మేడమ్ తనే కలుపుకుందయ్యా. మూడుసార్లూ ఇటుక రంగే!" అమ్మ మంచం పట్టె మీద తలపెట్టి ఏడ్చాను. మేడమ్ నుంచి మాత్రం ఒక్క మెసేజ్ కూడా లేదు. చూసీ చూసీ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

సస్పెన్షన్‌లో పంతొమ్మిదో రోజు పొద్దున ఆరున్నరకు ఎవరో తలుపు కొట్టారు. మళ్ళీ వానే. గుమ్మంలో తారీఖు మేడమ్.

"కోపం పోలేదు," అంది.

"తెలుసండీ."

"అమ్మగారి సంగతి అప్పుడే చెబితే తిట్టేదాన్నా? ఏడింటికి బదులు పదింటికి మొదలుపెట్టేదాన్ని. అంతేగా!"

ఆ ఒక్క మాట అడగలేక మూడు నెలలు ఆమెను ఏడిపించాను.

"ఎవర్రా?" అని లోపల్నించి అమ్మ.

"తారీఖు మేడమ్ అమ్మా," అన్నాను నోరుజారి, ఆమె వింటుండగానే.

"ఎవరూ?" అంది మేడమ్. పెదవి బిగబట్టింది. నవ్వనైతే నవ్వలేదు. "ఇవాళ తేదీ ఎంత?"

చెప్పాను.

"నిజం తేదీయేనా?"

"నిజం తేదీయే."

"అయితే ఇవాళ్టి నుంచి చూద్దాం," అంటూ తడిగొడుగు నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, అమ్మ గదిలోకి వెళ్ళింది.