తాడు దాటిన నీలిరంగు

ఆదివారం పొద్దున్నే జయంతి వంటింట్లో పెద్ద గిన్నెడు ఉప్మా కలియబెడుతోంది. ఆష్‌బర్న్ పొలాల మధ్య ఉన్న ఆ పాత ఇంటికి శని, ఆదివారాల్లో బోలెడంతమంది కుర్రకారు వస్తారు. ఇంటి వెనక అడవిలో రంగు తుపాకులతో ఆడుకుంటారు. గోలీ అంత గుళికలో రంగు ఉంటుంది. ఒంటికి తగిలి చిట్లితే మరక, మరక పడితే అవుట్. ఎనభై ఆరులో అమెరికాలో అదొక కొత్త వెర్రి.

డబ్బు కట్టి ఆడేవాళ్ళకి ఉప్మా ఎందుకని భర్త దత్తాత్రేయ ఏనాడూ అడగలేదు. ఇంటికొచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపకూడదన్నది ఆయన పెట్టిన పద్ధతే.

ఈ ఆట నడిపేది ఆయన కూతురు విద్య. డిగ్రీ అవగానే బ్యాంకులో వచ్చిన ఉద్యోగం కాదనుకుని, స్థలం కోసం కౌంటీ అంతా తిరిగింది. తుపాకీ అన్న మాట వినగానే రైతులు తలుపులు వేసేసుకున్నారు. చివరికి తండ్రి ముందే వచ్చి నిలబడింది. "నీ అడవి ఇస్తావా డాడీ?" అంది. ఆయన ఆ అడవి కొన్నప్పుడు స్నేహితులంతా నవ్వినవాళ్ళే. దాన్ని అంత ఆశగా అడిగింది కూతురొక్కతే. ఇచ్చేశాడు.

తలుపు చప్పుడైంది. పక్క పొలం హెరాల్డ్. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఒకసారి వచ్చి మా ఆవును చూస్తారా?" అన్నాడు.

దత్తాత్రేయ వెంట వెళ్ళాడు. కంచె అవతల ఆవు తాపీగా గడ్డి మేస్తోంది. కుడి కంటికి కాస్త పైన నీలిరంగు ఎండి అట్టకట్టింది.

"నిన్న సాయంత్రం జరిగింది. ఇంకొంచెం కిందికి తగిలుంటే కన్ను పోయేది," అన్నాడు హెరాల్డ్. "మీ అమ్మాయి ఆట హద్దుకి తాడు కట్టింది, బోర్డు పెట్టింది. సంతోషం. కానీ తాడు దాటినవాడికి చెప్పేదెవరు?"

అంత మాత్రమే అని వెళ్ళిపోయాడు. గట్టిగా అరిచినా బాగుండేదనిపించింది దత్తాత్రేయకి.

ఇంట్లోకి వస్తూనే అడిగాడు. "ఎవరు కాల్చారు?"

విద్య బల్ల దగ్గర కూర్చుని, ఆటగాళ్ళు కళ్ళకి రక్షణగా పెట్టుకునే గాగుల్స్ తుడుస్తోంది. తల ఎత్తలేదు. "తెలీదు డాడీ."

"ఆట నడిపేది నువ్వు. నీకు తెలీదా? ఆ కంచె దగ్గరే హెరాల్డ్ మనవరాలు ఆడుకుంటుంది. ఆ పిల్లకి తగిలుంటే? ఇవాళ్టితో మూసెయ్. బ్యాంకువాళ్ళకి ఫోన్ చేసి, ఇంకా తీసుకుంటారేమో కనుక్కో."

విద్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓకే. మూసేస్తా. కానీ పేరు మాత్రం అడగద్దు."

"విన్నావా జయంతీ దీని మాట!"

జయంతి స్టవ్ కట్టేసింది. "రాజ్ అండీ."

"మమ్మీ! ప్రామిస్ చేశావ్!"

"చేశాను. నువ్వు ఆటంతా వదులుకుంటానంటే నోరు మూసుకోనా?" భర్త వైపు తిరిగింది. "కొండల్ రావు అన్నయ్యగారబ్బాయి. మొన్న అడవి మధ్యలో గాగుల్స్ తీసేశాడు. నిన్న తాడు దాటెళ్ళి ఆవు మీద గురి చూశాడు. ఇదేంటని విద్య అడిగితే, 'మీ డాడీ నన్నేం అనరు' అన్నాట్ట."

దత్తాత్రేయ కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం లేకుండా ఈ దేశంలో దిగిన కొత్తలో, పార్సిప్పనీలో ఒంటిగది అపార్ట్‌మెంట్లో ఆయన్ని ఓ చలికాలమంతా పెట్టుకున్నవాడు కొండల్ రావు. ఉన్న ఒక్క మంచం ఈయనకిచ్చి, తను కార్పెట్ మీద పడుకునేవాడు. ఆనాటి నుంచీ ఆయన మాటకి దత్తాత్రేయ ఎదురు చెప్పి ఎరగడు.

"వాణ్ణి అప్పుడే పంపించెయ్యాల్సింది కదమ్మా," అన్నాడు. గొంతు తగ్గిపోయింది.

"ఎలా పంపిస్తా? ఇంటికొచ్చినవాళ్ళని వెళ్ళమనకూడదని నువ్వే చెప్పావ్. చిన్నప్పుడు నా బర్త్‌డేకి వచ్చి బ్రయన్ నా డాల్ విరగ్గొడితే, సారీ కూడా నాతోనే చెప్పించావ్!" విద్య ముక్కు తుడుచుకుంది. "రాజ్‌ని పంపిస్తే అంకుల్ ముందు నువ్వు తల దించుకోవాలి. అది నేను చూడలేను డాడీ."

దత్తాత్రేయ నేర్పిన మర్యాదని ఈ పిల్ల గుండెల్లో పెట్టుకుంది. దాన్ని వాడుకున్నవాడు వేరే ఉన్నాడు. ఆయన తల వంగకూడదని కన్నకూతురు తన బతుకుతెరువునే వదులుకోబోయింది.

బయట కార్లు ఆగుతున్నాయి. కొండల్ రావు స్టేషన్ వ్యాగన్ కూడా వచ్చింది. కొడుకుని దింపే వంకతో జయంతి ఉప్మా తిని పోవడం ఆయనకి అలవాటు.

"రామ్మా," అని లేచాడు దత్తాత్రేయ. "చెప్పాల్సింది చెప్పు. నేను పక్కనే ఉంటాను."

తాడు ముందు నిలబడి విద్య ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అడవిలో గాగుల్స్ తీస్తే ఇంటికే. తాడు దాటితే ఇంటికే. ఎవరైనా సరే. చివరికి రాజ్ వైపు తిరిగింది. "రాజ్, ఇవాళ నువ్వు ఆడట్లేదు."

రాజ్ నవ్వేశాడు. "అంకుల్, షి ఈజ్ జోకింగ్, రైట్?"

దత్తాత్రేయ ఒకడుగు ముందుకేశాడు. "జోక్ కాదు నాన్నా. తుపాకీ కింద పెట్టు."

కొండల్ రావు మొహం ఎర్రబడింది. "ఏందిర దత్తూ? పోరణ్ణి గిట్ల అందరి ముంగట..."

"నిన్న తాడు దాటి ఆ ఆవుని కాల్చాడన్నా. కంటి పైన తగిలింది."

"నా చెవుల చెప్తే అయిపోవు కద?"

"చెప్పేవాణ్ణే. కానీ ఆపాల్సిన మా అమ్మాయి నా మొహం చూసి ఆపలేకపోయింది. నువ్వు నేల మీద పడుకుని నాకు మంచం ఇచ్చావు. అది మరిచిపోతే నేను మనిషిని కాదు. నీ కొడుకు వల్ల ఏ పసిదాని కన్నో పోతుంటే ఊరుకున్నా మనిషిని కాదన్నా."

బూట్ల లేసులు కట్టుకుంటున్నవాళ్ళంతా ఆగిపోయి చూస్తున్నారు. భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది.

కొండల్ రావు కొడుకు వైపు తిరిగాడు. "కొట్టినవా?"

రాజ్ తల దించుకున్నాడు. "ఐ థాట్ ఇట్ వాజ్ ఫన్నీ, డాడ్."

కొండల్ రావు చొక్కా చేతులు మడిచాడు. "జయంతమ్మా, బకెట్ల గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. ఓ గుడ్డ గూడ ఇయ్యి. పద బిడ్డా. ముందుగాల ఆ పెద్దమనిషికి తప్పయిందని చెప్పు. ఎన్క ఆవు మొఖం కడుగుదువు."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "దత్తూ! గిన్నేండ్లు నీ సోఫ మీద కూసొని సిగరెట్లు తాగితే ఒక్కనాడు వద్దనకపోతివి గదర?"

"ఇక నుంచి అంటానన్నా!"

"అను, అను. మా ఇంట్ల గూడ గదే అంటరు," అని నవ్వుకుంటూ కంచె వైపు నడిచాడు.

విద్య తండ్రి భుజం మీద తల వాల్చేసింది. "మూసెయ్యాలా డాడీ?"

"ముందు కళ్ళు తుడుచుకో. ఆట మొదలెట్టడానికి వాళ్ళు నీ ఈల కోసం చూస్తున్నారు."

ఏడుపు అడ్డుపడి మొదటిసారి ఈల మోగలేదు. రెండోసారి అడవంతా వినపడింది.