నల్లరేవులో రేపటి అలలు

దశరథ్ గుర్గావ్‌లో ఒక అద్దాల మేడ పై అంతస్తులో కూర్చుని సముద్రం గురించి రాస్తాడు. ఆ కిటికీలోంచి కనపడే నీళ్ళల్లా ఎదుటి సొసైటీకి పొద్దున్నే వచ్చే ట్యాంకర్‌లోవే.

అతను పనిచేసేది ఓ వెదర్ యాప్ కంపెనీలో. తూర్పు తీరంలో రేపు ఏ బీచ్‌లో అలలు ఎంత ఎత్తు లేస్తాయి, గాలి ఎటు వీస్తుంది, సర్ఫింగ్ బోర్డు పట్టుకుని దిగొచ్చా లేదా అన్నది తెలుగులో రాయడం అతని ఉద్యోగం. ఇంటర్వ్యూలో లెక్కలు అడిగారు, కోడింగ్ అడిగారు. సముద్రం చూశావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగుంటే జనగామ కుర్రాడికి ఆ ఉద్యోగం వచ్చేది కాదు, ఈ కథా ఉండేది కాదు.

ఏప్రిల్ నెల. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ అశోకా రోడ్‌లోని క్యాంటీన్‌కి ఆంధ్రా భోజనానికి వెళ్ళాడు. అక్కడ ఖాళీ కుర్చీ దొరకడమే అదృష్టం, ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నది మన చేతిలో లేని విషయం. ఆ రోజు ఎదురుగా ఇద్దరు అమ్మాయిలు కూర్చున్నారు. ఒకమ్మాయి పప్పు కలుపుకుంటోంది. రెండో అమ్మాయి అన్నం వదిలేసి ఫోన్ చదువుతోంది, పైకే.

"'రేపు నల్లరేవు బీచ్‌లో వాతావరణం ఆహ్లాదకరం. అలలు నడుము ఎత్తు. కొత్తగా నేర్చుకునేవారికి అనుకూలం. సన్‌స్క్రీన్ మరవకండి.' విన్నావటే వాసవీ? నడుము ఎత్తట! ఎవరి నడుమేటి? నాదా, మా నానమ్మదా?"

"తినవే తల్లీ, చల్లారిపోతోంది," అంది వాసవి.

"నిన్న మోకాలెత్తు అన్నాడు. మొన్న ఛాతీ ఎత్తు. ఈయన సముద్రం గురించి రాస్తున్నాడో, టైలర్ షాపులో కొలతలు తీస్తున్నాడో తెలీడం లేదు."

దశరథ్‌కి గోంగూర ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆ అమ్మాయి మర్యాదగా నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"నెమ్మదిగా తినండి. ఎవరూ లాక్కోరు."

అతను నీళ్ళు తాగాడు. మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతే గౌరవంగా ఉండేది. కానీ కొలతల మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది.

"ఆ నడుము సగటు మనిషిదండీ," అన్నాడు.

"ఏటండీ?"

"మామూలు ఎత్తున్న మనిషిది. దునియా అంతా గట్లనే రాస్తరు."

ఆ అమ్మాయి ఫోన్ వైపు చూసింది, అతని వైపు చూసింది. వాసవికే ముందు వెలిగింది. "భానూ, అయిపోయావు పో," అంది.

ఇంకొకరైతే సారీ చెప్పి తల దించుకుని తినేవారు. భానుశ్రీ మాత్రం ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న దొంగ తనంతట తానే వచ్చి దొరికిపోయినంత సంబరపడింది.

"రాసేది మీరేనా! ఏ ఊరండీ మీది?"

"జనగామ."

"అచ్ఛా. జనగామలో బీచ్ ఉందా?"

"చెరువున్నది."

"అందులో అలలొస్తాయేటి?"

"బర్లు దిగితే వస్తయ్."

ఆమె నవ్వింది. మామూలుగా కాదు. పక్క టేబుల్ అంకుల్ సాంబారు గరిటె గాల్లోనే ఆపేసేలా నవ్వింది. అవమానం జరిగిన చోటే కూర్చుని ఇంకోసారి అప్పడం అడిగి తెప్పించుకున్నాడంటే, దశరథ్ పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

"సముద్రం ఎప్పుడైనా చూశారా?"

"రోజూ చూస్త."

"ఎక్కడ?"

"మానిటర్ల."

చేతులు కడుక్కుని బయటికొచ్చాక ఆమె అతని ఫోన్ నంబర్ తీసుకుంది. "వేరే ఉద్దేశం ఏం లేదు. కంప్లైంట్లు ఇవ్వడానికి," అంది. ఏ ఉద్దేశమూ అడక్కుండానే చెప్పేసిందేమిటే అన్నట్టు వాసవి ఆకాశం వంక చూసింది.

* * *

భానుశ్రీది నల్లరేవు. భీమిలి రోడ్డులో ఇసక, పడవలు, నాలుగు బజ్జీల బళ్ళు ఉన్న చిన్న బీచ్. నడక వచ్చిన కొత్తల్లోనే నీళ్ళలో దిగింది. స్కూలుకి వెళ్ళే ముందు సర్ఫింగ్ చేసి, తల ఆరకుండానే ప్రార్థనలో నిలబడేది. ఇప్పుడు సివిల్స్ కోసం ఢిల్లీ బేర్ సరాయ్‌లో గది తీసుకుని చదువుతోంది. గదికి కిటికీ ఉంది. కిటికీకి ఎదురుగా గోడ ఉంది. ఆ గోడ మీద పోస్టర్‌లో ఎవరో కోచింగ్ గురువుగారు చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటారు.

ఊరికి ఫోన్ చేసి కనుక్కుని మరీ పెట్టే కంప్లైంట్లు మర్నాటి నుంచే మొదలయ్యాయి. "ఈ రోజు మా బీచ్‌లో గాలి పడమర నుంచి అన్నారు. గాలికి చెప్పడం మర్చిపోయినట్టున్నారు." ఇంకో రోజు, "ఆహ్లాదకరం అన్నారు. ఉక్కపోతకి మా వీధి కుక్క కూడా నీళ్ళలోకి దిగింది."

దశరథ్ మొదట్లో సంజాయిషీలు రాశాడు. తర్వాత ఎదురు రాయడం మొదలుపెట్టాడు. "మీ కుక్కకు అలలు నడుము దాక వచ్చినయా?"

అటు నుంచి నవ్వుతున్న బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి.

కొన్నాళ్ళకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. సెలవు రోజుల్లో అతను మెట్రో ఎక్కి వచ్చేవాడు. బేర్ సరాయ్ పుస్తకాల షాపుల మధ్య ఇరుకు సందుల్లో, నడిచేవాళ్ళకీ స్కూటర్లకీ జరిగే పోటీలో ప్రాణాలు కాపాడుకుంటూ టీ తాగేవారు. వడగాలి మొహం మీద కొడుతుంటే అతను గమనించిన విషయం ఒకటుంది. ఆమె పొద్దున్న పేపర్ చదవకముందే నల్లరేవు ఫోర్‌కాస్ట్ చదువుతుంది. తప్పులు పట్టుకోవడానికి కాదు. తను లేకుండా అక్కడ తెల్లారడం ఎలా ఉందో చూసుకోవడానికి. ఆ సంగతి కనిపెట్టినప్పటి నుంచి అతను నల్లరేవుకి రెండు వాక్యాలు ఎక్కువ రాస్తున్నాడు. మిగతా బీచ్‌లకి ఆ భాగ్యం లేదు.

అంతా బాగానే ఉంది, మనోహర్ తప్ప.

"ఆగు, మనోహర్ ఫోన్," అని ఆమె పక్కకు వెళ్ళేది. "మనోహర్‌కి చెప్పకుండా నేనేదీ చెయ్యను," అనేది. "మనోహర్ బోర్డు మీద నిలబడితే చూడాలి, ఎంత స్టైలుగా ఉంటాడో!"

ఆ మనోహర్ ఎవరని ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది. కానీ అంత తేలికైన పని చేస్తే అతను ప్రేమలో ఉన్న మగవాడెలా అవుతాడు? అడగలేదు. గదికి పోయి, బోర్డు మీద నిలబడ్డ ఓ ఆరడుగుల మనిషిని ఊహించుకుని, అతని పక్కన బర్రెల చెరువు గట్టున తనని నిలబెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత మెసేజ్‌లు తగ్గించాడు. ఆపై మానేశాడు. నల్లరేవుకి ఎక్కువ రాసే రెండు వాక్యాలూ పీకేశాడు.

"ఆఫీసులో బిజీయేటి?" అని ఆమె అడిగింది.

"అవును," అని ఒక్క ముక్క రాశాడు. అబద్ధం రాయడం ఎలాగూ నీ ఉద్యోగంలో భాగమే కదా అని ఆమె జవాబిచ్చి ఊరుకుంది. వెక్కిరింత మరీ ఎక్కువైందేమో, మనసు నొప్పించానేమో అని రెండు రోజులు పుస్తకంలో ఒకే పేజీ చూస్తూ కూర్చుందట. ఆ సంగతి తర్వాత వాసవి చెప్పింది.

* * *

మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం దశరథ్ మానిటర్ మీద ఒక లెక్క చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మళ్ళీ లెక్క వేశాడు. బాస్ గదికి పరిగెత్తాడు.

"సార్, రేపు నల్లరేవు వైపు రెడ్ అలర్ట్ పెట్టాలె."

భీమేశ్వరరావు గారు కిటికీలోంచి ఎండను చూశారు, తమ స్క్రీన్ చూశారు. "తుఫాను ఉందా?"

"లేదు సార్."

"గాలి?"

"లేదు."

"ఆకాశం క్లియర్. మరి రెడ్ ఎందుకయ్యా? వీకెండ్ యార్! మండే రివ్యూలో మాట్లాడదాం."

"అల మండే దాకా ఆగదు సార్."

"అచ్ఛా, ఓ పని చెయ్. కింద ఎక్కడో 'కాస్త జాగ్రత్త' అని పెట్టు."

కాస్త జాగ్రత్త సన్‌స్క్రీన్ వాక్యం కింద చేరింది. పైన మాత్రం 'సర్ఫింగ్‌కు చక్కని రోజు' అని పచ్చరంగులో మెరుస్తోంది.

నల్లరేవులో శనివారం పిల్లల సర్ఫింగ్ క్యాంపు మొదలవుతుందని భానుశ్రీ ఎప్పుడో చెప్పింది. నడిపేది మనోహరే. అతని చేతిలో వేసవి సెలవుల పిల్లలు, బోర్డులు, పచ్చరంగు యాప్.

భానుశ్రీకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఆమె చదువుకునే లైబ్రరీలో ఫోన్లు బయట పెట్టాలని గుర్తొచ్చింది. బ్యాగు తగిలించుకుని మెట్రో ఎక్కాడు. హౌజ్ ఖాస్‌లో దిగి ఆటో ఎక్కేసరికి దుమ్ము లేచింది, ఆకాశం పసుపు రంగులోకి తిరిగింది, బేర్ సరాయ్ చేరేలోగా వాన దంచికొట్టింది. ఢిల్లీకి ఆ రోజు 'పొడి వాతావరణం' అని రాసింది అతని పక్క సీటు కుర్రాడే.

లైబ్రరీ మెట్ల దగ్గర నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. లోపలికి కబురు పంపితే భానుశ్రీ కిందికి దిగి వచ్చింది. అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఎన్ని రోజుల కోపమో కళ్ళలో ఉంది.

"వెదర్ ఆఫీసులో గొడుగులివ్వరేటి?"

"మనోహర్‌కు ఫోన్ చెయ్యి."

"ఏం? బిజీ అయిపోయిందా నీకు?"

"నన్ను తర్వాత తిట్టు. రేపు పిల్లలను నీళ్ళలకు దింపొద్దని చెప్పు. పెద్ద అలలు వస్తున్నయ్."

ఆమె నవ్వబోయి అతని మొహం చూసి ఆగింది. "గాలి లేదు కదా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను దశరథ్. గాలి లేకుండా మా ఊళ్ళో ఏం అలొస్తుంది?"

"గాలి మీ ఊర్ల లేదు. దక్షిణాన, మంచు ఖండం వైపు, పోయిన వారం తుఫాను లేచింది. అక్కడ పుట్టిన అలలు ఇన్ని రోజుల నుంచి నడిచొస్తున్నయ్. నడి సముద్రంల ఉన్నట్టే తెలవదు. ఒడ్డు కాడికి వచ్చినంక లేస్తయ్. ఎండ కాస్తుంటనే, అందరు నవ్వుతుంటనే వస్తయ్."



"గ్యారంటీయా?" అంది మెల్లగా.

"కాదు. ఫోర్‌కాస్ట్‌కు గ్యారంటీ ఉండదు. తప్పైతే జీవితాంతం వెక్కిరించు."

"అదెలాగూ చేస్తాను," అంది ఆమె, ఫోన్ తీస్తూ. అన్నాక ఏమన్నదో అర్థమై చెవులు ఎర్రబడ్డాయి. గబగబా నంబర్ నొక్కి స్పీకర్ పెట్టింది.

"అన్నయ్యా, రేపు క్యాంపు ఆపెయ్."

దశరథ్ గోడ పట్టుకున్నాడు. అన్నయ్య!

"మతిపోయిందేటే?" అన్నాడు మనోహర్. "పిల్లల అమ్మానాన్నలంతా దిగిపోయారు. యాప్‌లో చక్కని రోజు అనుంది."

"ఆ యాప్‌లో రాసేవాడే వచ్చి వద్దంటున్నాడు."

"ఎవడు, ఆ నడుముల కుర్రాడా? నువ్వే కదే వాడికి సముద్రమంటే తెలీదన్నావు!"

భానుశ్రీ తడిసి ముద్దయిన మనిషి వంక చూసింది. "అన్నాను. ఈ ఒక్కసారికి నా మాట విను. నీకు తెలుసుగా, నేను అల చూసి భయపడను. ఇప్పుడు భయంగా ఉంది."

అవతల మనోహర్ ఏదో గొణుక్కున్నాడు. తర్వాత, "పిల్లలకి పైన రోడ్డు మీదే క్లాసు చెప్తాలే. వాడి మాట అబద్ధమైతే ఇద్దర్నీ చంపుతాను," అని పెట్టేశాడు.

"పేరు పెట్టి పిలుస్తవేంది అన్నను?" అన్నాడు దశరథ్ ఏడుపు గొంతుతో.

"అన్నయ్య అంటే కస్టమర్ల ముందు ముసలాడిలా ఉంటుందని వద్దన్నాడు. అలవాటైపోయింది." ఆగింది. కళ్ళు చిన్నవి చేసింది. "ఓహో. అందుకా ఇన్నాళ్ళ నుంచి మెసేజ్‌లు లేవు?"

అతను వాన వైపు చూస్తూ ఉండిపోయాడు. వానలో అంత ఆసక్తికరమైనది ఏమీ లేదు.

* * *

శనివారం పొద్దున్న నల్లరేవు సముద్రం అద్దంలా ఉంది. అన్నయ్య పంపిన ఫోటోని భానుశ్రీ బేర్ సరాయ్ నుంచి దశరథ్‌కి పంపింది. "నీ ఉప్పెన నిద్రపోతున్నట్టుంది. లేపమంటావా?"

దశరథ్ టిఫిన్ తినలేదు. కాసేపయ్యాక ఇంకో ఫోటో. రోడ్డు మీద బజ్జీల బండి దగ్గర పిల్లలు మూతులు ముడుచుకుని నిలబడ్డారు. "మా అన్నయ్యని కస్టమర్లు తిడుతున్నారు. మా అన్నయ్య నన్ను తిడుతున్నాడు. నేనెవర్ని తిట్టాలో నీకు తెలుసు."

తర్వాత ఏమీ రాలేదు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. ఎత్తితే రొప్పుతున్న ఊపిరి.

"భానూ?"

"వచ్చింది," అంది. "మంచి ఎండలో వచ్చింది దశరథ్. మొదట నీళ్ళు లోపలికి పోయాయట. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి. బోర్డులు పెట్టుకునే షెడ్డు లేదు ఇప్పుడు. పడవలు రోడ్డు అంచు దాకా కొట్టుకొచ్చాయి. పిల్లలంతా పైన బజ్జీలు తింటున్నారు. అందరూ ఉన్నారు." ఏడ్చేసింది.

అతనికి వెక్కిరింపుకి జవాబు తెలుసు గాని ఏడుపుకి తెలీదు. "వస్తున్న," అన్నాడంతే.

యాప్‌లో సాయంత్రం దాకా 'సర్ఫింగ్‌కు చక్కని రోజు' అని పచ్చగా వెలుగుతూనే ఉంది. సోమవారం మీటింగ్‌లో భీమేశ్వరరావు గారు, 'కాస్త జాగ్రత్త' అని ముందే హెచ్చరించిన ఏకైక కంపెనీ మనదేనని చప్పట్లు కొట్టించారు.

అది సోమవారం మాట. ఆ శనివారం అతను బేర్ సరాయ్ చేరేసరికి భానుశ్రీ మొహం కడుక్కుని టీ కొట్టు దగ్గర నిలబడి ఉంది.

"చూడు," అంది అతను నోరు తెరవకముందే. "ప్రిలిమ్స్ దగ్గర పడ్డాయి. పరీక్షయ్యేదాకా ప్రేమా గీమా కుదరదు."

"ఠీక్ హై."

"ఠీక్ హై ఏటి? బతిమాలవా?"

"బతిమాలితే ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను. అయినా బతిమాలాలి."

"నాకు నువ్వంటే ప్రాణం భానూ," అన్నాడు. ఈసారి వెటకారం కలపలేదు. ఆమె అతని చొక్కా మడత సరిచేసింది. టీ కొట్టు భయ్యా రెండు గ్లాసులూ అక్కడ పెట్టి మర్యాదగా అటు తిరిగాడు.

ఆమె ఫోన్ మోగింది. ఊరి నుంచి. "మా అమ్మ," అంది, మాట్లాడి, ఫోన్ అతని చేతికిచ్చింది. "నీతోనేనట."

దశరథ్ కంగారుగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెనకాల పిల్లల గోల, దాని వెనకాల ఏదో పెద్ద హోరు.

"నాయినా," అంది ఆవిడ. "షెడ్డు పోతే పోయింది. పిల్లలందరికీ ఇప్పుడే అన్నాలు పెట్టాను. నీ పేరేటో కూడా నాకు తెలీదు. నువ్వెప్పుడొస్తావు మా ఇంటికి?"

అతను గొంతు సవరించుకున్నాడు. "దశరథ్ అమ్మా నా పేరు," అన్నాడు. "ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్త."